తొక్కు, పట్టు, వదులు

ముందుగది తుడుస్తున్నాను. నాన్న షెడ్డులోనూ ఇంట్లోనూ అవే రబ్బరు చెప్పులతో తిరుగుతాడు కాబట్టి మా ఇంట్లో నేల తుడవడమంటే గ్రీజు తుడవడమే. ఆ పొద్దున మాత్రం తలుపు దగ్గర నుంచి వంటింటి గడప దాకా గోధుమరంగు చుక్కలున్నాయి. ఒక్కోటి మిరియపు గింజంత. గ్రీజు మరకయితే తడిగుడ్డ కింద జారుతుంది, సాగుతుంది, సబ్బు పడితేగాని లొంగదు. ఇవి ఒక్క రుద్దుకే వదిలాయి. గుడ్డ తిప్పి చూస్తే ఎర్రగా ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని మిగతా చుక్కల్ని చూశాను. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒకే ఎడం. మనిషి నడిచి వెళితే ఎడమకాలు ఎక్కడెక్కడ పడుతుందో సరిగ్గా అక్కడక్కడే ఉన్నాయి. కుడికాలి వైపు నేల శుభ్రంగా ఉంది.

"అమ్మా, నీ కాలికేమైనా దిగిందా?"

"నా కాళ్ళకి నొప్పులు తప్ప ఏం లేవు. ఎందుకు?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"ఇక్కడేవో చుక్కలు."

"మీ నాన్న లేచినప్పటి నుంచి ఆ సవతి దగ్గరే ఉన్నారు. అక్కడి జిడ్డే ఏదో తొక్కుకొచ్చుంటారు. తుడిచెయ్యి."

తుడిచాను. బకెట్లో గుడ్డ జాడిస్తే నీళ్ళు పల్చటి గులాబిరంగుకి తిరిగాయి. ఆ నీళ్ళు పారబోయాలని లేచాను, పారబోయలేదు. బకెట్టు అలాగే గుమ్మం పక్కన పెట్టి షెడ్డు వైపు చూశాను.

సవతి అంటే కారు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. నేలకెంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చుని చెయ్యి చాస్తే రోడ్డు తగులుతుంది. నేను పుట్టకముందు, ఇంకా చెప్పాలంటే అమ్మ ఈ ఇంటికి రాకముందు, ఎవరో వదిలేసుకున్న ఆ బండిని నాన్న తెచ్చుకున్నాడు. పగలు జనం బళ్ళు బాగుచేస్తూ, సాయంత్రాలు దీన్ని ఒక్కో పార్టే బతికిస్తూ వచ్చాడు. "లెక్కప్రకారం అదే పెద్దభార్య, నేనే సవతిని" అని అమ్మ ఒక్కోసారి తనని తానే దిద్దుకునేది.

పాత కార్లు ఉన్నవాళ్ళంతా ఆదివారం కొండమీదికి వెళుతున్నారు. మలుపుల దారి, ఒకవైపు లోయ. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని వెళతానని నాన్న మాటిచ్చాడు. ఇన్నేళ్ళలో అమ్మ ఆ కారులో కూర్చుని మా వీధి చివర కూడా చూడలేదు. "ఈ వయసులో నాకెందుకండీ" అని పైకి విసుక్కుంది గాని, జుట్టు ఎగరకుండా కట్టుకోడానికి ఒక నీలిరంగు స్కార్ఫు కొనుక్కుంది. అది అలమర తలుపుకి వేలాడుతూ ఉంది. రేపే ఆదివారం. ఆ స్కార్ఫు కంట పడినప్పుడల్లా చూపు తిప్పుకునేదాన్ని.

ఎందుకంటే, కొద్దిరోజుల కింద ఆ కారు దూకింది. నాన్న దాన్ని షెడ్డులోంచి బయటికి తీద్దామని స్టార్టు చేశాడు. అమ్మ గేటు తీసి పట్టుకుని నిలబడింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చి లోపలికి పరిగెత్తింది. అంతే, గేరు గరగరమంది, కారు ఒక్కసారి ముందుకు దూకి, గేటు పక్కనున్న నీళ్ళ డ్రమ్ముని గోడకేసి నొక్కేసింది. అమ్మ నిలబడ్డ చోటు నుంచి నీళ్ళు కాలవ కట్టాయి. ఆ రోజు మాడిన గిన్నె గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

"క్లచ్ కట్ కావట్లేదు" అన్నాడు నాన్న కారు దిగి.

క్లచ్ పూర్తిగా తొక్కితేనే ఇంజనుకీ చక్రాలకీ పొత్తు తెగుతుంది. సగం తెగినప్పుడు గేరు వేస్తే పళ్ళు నూరుతుంది, బలవంతం చేస్తే దూకుతుంది. ఆ కారు క్లచ్చుకి తీగ ఉండదు, నూనె మీద నడుస్తుంది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులో ఉన్న నూనె సన్నటి గొట్టం గుండా వెళ్ళి, గేరుపెట్టె పక్కనున్న చిన్న సిలిండరుని తోస్తుంది. దాన్ని స్లేవ్ అంటారు. అది ఒక కడ్డీని తోస్తే, కడ్డీ లీవరుని తోస్తుంది. దారిలో ఎక్కడ నూనె కారినా, లోపలి రబ్బరు అరిగినా, ఒక్క గాలిబుడగ చేరినా, కాలు చెప్పిన మాట క్లచ్చుకి చేరదు.

కారు దూకిన మర్నాడు మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. బళ్ళ పార్టులమ్మే కొట్టు ఆయనది. నాన్న మళ్ళీ కారెక్కి గేరు వేసి చూపించాడు. నేను ఈ తలుపు పక్కన, మామయ్య ఆ తలుపు పక్కన నిలబడ్డాం. లోపల నాన్న ఎడమకాలు కనిపిస్తోంది. పెడలు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. నాన్న ముఖం మాత్రం పూర్తిగా తొక్కిన మనిషి ముఖంలా ఉంది.

గేరు గరగరమంది. నేను తలెత్తాను. మామయ్య నన్నే చూస్తున్నాడు. ఇద్దరం ఒకటే చూశామని ఇద్దరికీ తెలిసింది. మామయ్య గొంతు సవరించుకుని, "స్లేవ్ పోయింది బావా. నా కొట్లో కొత్తదుంది, తెస్తా" అన్నాడు.

అలా మొదలైంది. స్లేవ్ మారింది. తర్వాత రబ్బరు గొట్టం మారింది. తర్వాత మాస్టర్ లోపలి రబ్బర్లు మారాయి, మారిన రబ్బర్లే నిన్న మళ్ళీ మారాయి. బాగున్నవాటిని తీసి కొత్తవి వేస్తున్నామని మామయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ పనితోనే ఆదివారం దాటిపోతే చాలనుకున్నాం. చెప్పాల్సింది నోటితో చెప్పలేక పార్టులతో తోసుకొచ్చాం.

నాన్నకి షుగరు. పాదాలు దూది మీద పెట్టి నడుస్తున్నట్టుందని కిందటేడు ఒకసారి నవ్వుతూ అన్నాడు. డాక్టరు వట్టికాళ్ళతో తిరగొద్దన్నాడు. రోజూ అరికాళ్ళు చూసుకోమన్నాడు. మెత్తటి బూట్లు వాడమని, తొడుక్కునే ముందు దులిపి లోపల చెయ్యి పెట్టి చూసుకోమని చెప్పాడు. నాన్న పాటించింది మొదటిదొక్కటే. ఆ వంకతో మడమ దగ్గర చిల్లిపడ్డ రబ్బరు చెప్పులు ఇంట్లోకి కూడా వచ్చేశాయి. అమ్మ కొన్న బూట్లు పెట్టె విప్పకుండా మంచం కిందే ఉన్నాయి. "బూట్లేసుకుని కారు కింద దూరితే కారే నవ్వుతుందే" అనేవాడు.

నేను షెడ్డులోకి వెళ్ళేసరికి మామయ్య కూడా వచ్చి ఉన్నాడు.

"ఏం బావా, పెద్దక్క ఏమంటోంది?" కారు బానెట్టు మీద చెయ్యి వేసి అడుగుతున్నాడు.

"మీ చిన్నక్క కంటే నయంరా. అలిగితే ఎక్కడ అలిగిందో చెబుతుంది. వెతుక్కునే ఓపిక మనకుండాలి."

"వినపడుతోంది," అంది అమ్మ కిటికీలోంచి.

"వినపడాలనే అన్నా. ఒరేయ్, ఆ రింగు దొరకలేదురా ఇంకా."

నిన్న మాస్టర్ విప్పుతుంటే జరిగింది అది. సిలిండరు మూతి దగ్గర ఒక లాక్ రింగుంటుంది. ఉక్కు తీగని గుండ్రంగా వంచి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదిలినట్టుంటుంది. ప్లయరుతో కొసల్ని నొక్కి తియ్యాలి. నాన్న మునివేళ్ళ మీద గొంతుకూర్చుని నొక్కుతుంటే ప్లయరు జారి రింగు ఎగిరింది. కిందపడ్డ చప్పుడు కూడా రాలేదు. అయస్కాంతం కట్టిన కర్రతో షెడ్డంతా వెతికాం. కొత్త కిట్టులో కొత్త రింగుంది గనక పని ఆగలేదు. అయినా నాన్న మనసు అక్కడే ఉండిపోయింది. "ఇనుము బండ మీద పడితే చెబుతుంది. చెప్పలేదంటే మెత్తటిదేదో మింగింది" అని రాత్రి అన్నం దగ్గర కూడా అన్నాడు.

"పోతే పోయింది లే బావా, రింగేగా," అన్నాడు మామయ్య.

"పోయిందని సరిపెట్టుకుంటే అది తిన్నగా టైరులోకే వెళుతుంది. బుల్లీ, వచ్చావా? కాలు కావాలి."

క్లచ్ నూనెలోంచి గాలి తీసేటప్పుడు పెడలు తొక్కేది నేనే. నా కాలు పెడలుకి అందినప్పటి నుంచీ నేనే. అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని నాన్న కారు కిందికి జరిగాడు. పాదాలు మాత్రం బయట ఉన్నాయి. నేను వంగి చూశాను. రెండు చెప్పులూ జిడ్డుతో నల్లగా ఉన్నాయి. ఎడమది ఇంకాస్త నల్లగా ఉందేమో అనిపించింది.

"నాన్నా, కాలికేమన్నా గుచ్చుకుందా?"

"గుచ్చుకుంటే తెలీదుటే?" అన్నాడు కారు కింది నుంచి. "ఎక్కి కూర్చో. తొక్కు."

తొక్కాను.

"పట్టు."

పెడల్ని నేలకి అదిమి పట్టాను. కింద స్పానరు తిరిగిన చప్పుడు.

"వదులు."

ఆ మూడు మాటలతోనే నేను పెరిగాను. సీట్లో కూర్చుంటే నాన్న కనపడడు, గొంతొక్కటే నేలలోంచి వస్తుంది. తొక్కితే నూనె స్లేవుకున్న చిన్న ముక్కు, అదే నిపిల్ లోంచి సన్నటి గొట్టం గుండా సీసాలోకి వెళుతుంది. గాలి ఉంటే బుడగలొస్తాయి. బుడగలు ఆగేదాకా తొక్కు, పట్టు, వదులు. ఆ రోజు కాసేపటికే బుడగలు ఆగిపోయాయి. పెడలు నా అరికాలి కింద గట్టిగా, నిండుగా ఉంది. పై నుంచే పట్టుకుంటోంది.

"ఎట్లా ఉంది?"

"గట్టిగా ఉంది నాన్నా."

"స్పాంజిలా ఏం లేదుగా?"

"లేదు."

"అయితే ఇవ్వాళ నోరు మూసుకుని గేరు పడాలి."

నాన్న బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. నేను దిగాను. ఆయన సీట్లో సర్దుకుంటుంటే మామయ్య కిటికీ దగ్గరికి నడిచి, "అక్కా, టీ పెట్టవే, నాలుక పిడచకట్టింది. నువ్వు మాత్రం బయటికి రాకు, నేనే వచ్చి తీసుకుంటా," అన్నాడు. అమ్మ ఆయన్ని ఒక క్షణం చూసి లోపలికి వెళ్ళింది.

ఇంజను అందుకుంది. చక్కటి శబ్దం. నాన్న ముఖం విచ్చుకుంది. ఎడమకాలు తొక్కాడు, చెయ్యి గేరు మీద పడింది. నేను గోడకి ఆనుకుపోయాను. మామయ్య ఒక ఇటుకని కాలితో తోసి ముందు చక్రం కింద పెట్టాడు. నాన్న చూడకుండా పెట్టాననుకున్నాడు.

గర్‌ర్‌ర్.

నాన్న తీసి, మళ్ళీ వేశాడు. అదే. మూడోసారి వెయ్యలేదు. ఇంజను ఆపేశాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

మామయ్య ముందుగా తేరుకున్నాడు. "మాస్టరే మొత్తంగా పోయుంటుంది బావా. రబ్బర్లతో లాభం లేదు. కొత్తది తెప్పిస్తా. ఒక వారం పడుతుంది."

"రేపు కొండ."

"కొండెక్కడికి పోతుంది బావా. వచ్చే ఏడు చూసినా అక్కడే ఉంటుంది."

నాన్న నవ్వలేదు. "నిన్న తీసిన రబ్బర్లేవిరా?"

"పారేశా."

నాన్న నావైపు తిరిగాడు. "బుల్లీ?"

ఇక్కడ నాన్నకి ఒక అలవాటుంది, చెప్పాలి. తీసిన ఏ పార్టునీ ఊరికే పారెయ్యడు. బ్లేడుతో కోసి, వెలుగులో పెట్టి, అది ఎలా చచ్చిందో కనుక్కుంటాడు. "మార్చడం ఎవడైనా మారుస్తాడు. పాతది ఎందుకు చచ్చిందో తెలీకపోతే కొత్తదీ అట్లాగే చస్తుంది" అంటాడు. అందుకే తీసినవన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో వేసి ఉంచడం నా పని. స్లేవునీ గొట్టాన్నీ "కంపెనీకి చూపించాలి" అంటూ మామయ్య వెంటనే పట్టుకుపోయాడు. నిన్న రింగు వెతికే గొడవలో రబ్బర్ల మాట మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. చెయ్యి దానంతటదే డబ్బాలో వేసేసింది.

మామయ్య నాన్న వెనక నుంచి నాకు తల అడ్డంగా ఊపాడు. చిన్నగా, ఈగని తోలినట్టు.

నేను వెళ్ళి డబ్బా తెచ్చాను.

నాన్న బల్ల దగ్గర నిలబడి రబ్బరుకప్పుని రెండుగా కోశాడు. కళ్ళజోడు పైకి జరుపుకుని, అంచుని వేలితో మడిచి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. వాసన చూశాడు. రెండోదీ కోశాడు. వంటింట్లో టీగిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది.

"గీత లేదు," అన్నాడు నాన్న మెల్లగా. "ఉబ్బలేదు. అంచు పెట్టినప్పుడెట్లా ఉందో అట్లాగే ఉంది. బతికున్నదాన్ని తీశానురా."

"ఒక్కోసారి బయటికి కనపడదు బావా..."

"స్లేవ్ ఏది?"

"కంపెనీకి..."

"గొట్టం?"

"అదీ..."

"కంపెనీ ఎక్కడుందిరా? నీ కొట్టు వెనకాల చెత్తకుప్పలోనా?"

మామయ్య చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

నాన్న సొట్టలు పూడ్చే పుట్టీ డబ్బా తీసి, నిమ్మకాయంత ముద్ద చేసి, కారు కిందికి దూరాడు. ఏం చేస్తున్నాడో నాకర్థమైంది. లీవరు వెళ్ళే దారికి అవతల ఆ ముద్ద అతికిస్తున్నాడు. పెడలు ఎంత తొక్కితే లీవరు అంత జరుగుతుంది, పుట్టీలో అంత లోతు దిగుతుంది. ముందు నేను, తర్వాత ఆయన తొక్కితే రెండు గుంటలూ పోల్చుకోవచ్చు. పుట్టీకి మొహమాటం ఉండదు.

"బుల్లీ, తొక్కు."

పెడలు మీద కాలు పెట్టాను. సగం తొక్కితే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. నా గుంటా ఆయన గుంటా ఒకేలా ఉంటే దోషం కారుదే అవుతుంది. నాన్న నాన్నలాగే ఉంటాడు. కారులో కూర్చుంటే మా అలమర కనపడదు. అయినా నాకా స్కార్ఫే కనపడింది. కొత్త మాస్టర్ వచ్చేదాకా ఆగే మనిషి కాదు ఆయన. "సర్దుకుని తోలతాలే" అంటాడు. అమ్మ స్కార్ఫు కట్టుకుని పక్కన కూర్చుంటుంది.

నేలదాకా తొక్కాను.

"పట్టు," అన్నాడు నాన్న. చాలాసేపు ఇంకో మాట రాలేదు. నా పిక్క వణకడం మొదలుపెట్టింది. "పట్టు," అన్నాడు మళ్ళీ, ఎవరితోనో అన్నట్టు. తర్వాత, "వదులు."

ముద్ద పక్కనే ఇంకో ముద్ద అతికించి బయటికొచ్చాడు. "నువ్వు కిందికి వెళ్ళరా. నేను తొక్కుతా. తొక్కాక ముద్దలు రెండూ ఊడదీసి తెచ్చి చూపించు. నోటితో ఏం చెప్పకు, నీ నోటిని ఇవ్వాళ నమ్మను."

మామయ్య ఒంటి మీది తెల్లచొక్కాతోనే అట్టముక్క మీద పడుకుని కిందికి జరిగాడు. నాన్న సీట్లో కూర్చుని తొక్కాడు. తొడ బిగిసింది, దవడ బిగిసింది. బలమంతా పెట్టాననే అనుకున్నాడు.

"దిగిందా, బుల్లీ?"

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పెడలు మధ్యలోనే ఉంది.

"నేలకి తగిలిందా లేదా? నాకైతే తగిలినట్టే ఉంది."

నేను పెడలు మీంచి చూపు తిప్పలేదు. నాన్న నా ముఖం చూశాడు. తర్వాత స్టీరింగు కిందికి వంగి, తన కాలుని తానే చూసుకున్నాడు. ఆ కారులో కూర్చున్న ఇన్నేళ్ళలో నాన్న పెడలు వైపు చూడగా నేను చూడలేదు. "పెడలు చూసి తొక్కేవాడికి బండి ఇవ్వకూడదు" అని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళని తిట్టేవాడు.

అలా వంగే ఉన్నాడు. మామయ్య కింద నుంచి వచ్చి, అరచేతిలో రెండు ముద్దలు పట్టుకుని నిలబడ్డాడు. ఒకదాంట్లో బొటనవేలు దూరేంత గుంట. రెండోదాని మీద పిచ్చుక ముక్కుతో పొడిచినంత.

"బావా, నేనే ముందు..."

నాన్న చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు.

అప్పుడే అమ్మ వచ్చింది. టీతో కాదు. నేను గుమ్మం పక్కన వదిలిన బకెట్టు చేతిలో ఉంది. పుట్టీ ముద్దల వైపు గాని, మామయ్య జిడ్డు చొక్కా వైపు గాని చూడలేదు. "ఈ నీళ్ళ రంగు చూడండి," అంది. "వంటింట్లోకి వచ్చి వెళ్ళింది మీరొక్కరే. కాలు ఇటు పెట్టండి."

"ఏం లేదే..."

"పెట్టండి."

నాన్న సీట్లోంచి పక్కకి తిరిగి రెండు కాళ్ళూ బయట పెట్టాడు. అమ్మ నేల మీద కూర్చుని ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుని చెప్పు లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. జిగురులోంచి ఊడినట్టు ఊడింది. మడమ కింద, చెప్పు అరిగి చిల్లిపడిన చోట, ఒక చిన్న ఉక్కు రింగు ఇరుక్కుని ఉంది. రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. మడమలో పాముకాటులా రెండు గాట్లు. చుట్టూ చర్మం నాని తెల్లబడి, మధ్యలో నల్లగా గడ్డకట్టింది. అంచు వెంట ఇంకా తడిగా ఉంది.

నిన్నటి నుంచి షెడ్డంతా వెతికిన రింగు అది. మునివేళ్ళ మీద కూర్చున్నప్పుడు లేచిన మడమ కిందికి ఎగిరిపడింది. మెత్తటిదేదో మింగిందని నాన్న చెప్పింది నిజమే. దాన్ని తొక్కుకుంటూనే దాన్ని వెతికాడు. అన్నం తిన్నాడు, నిద్రపోయి లేచాడు, మళ్ళీ అందులోనే కాలు పెట్టాడు.

"నొప్పిగా ఉందా?" అమ్మ గాటు పక్కన వేలితో నొక్కి అడిగింది.

నాన్న కళ్ళు చిన్నవి చేసుకున్నాడు. దూరంగా వెళుతున్న బండి శబ్దాన్ని పోల్చుకోడానికి ప్రయత్నిస్తున్నప్పుడు ఆయన ముఖం అలాగే ఉంటుంది. కాసేపు అలా విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

అమ్మ వేలు తీసేసింది. బకెట్టుని పక్కకి జరిపింది. "నేను నిలబడ్డ చోట ఆ డ్రమ్ము..." అంది.

నాన్న చెప్పులోంచి రింగు ఊడబెరికి, గుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టి చూశాడు. డబ్బాలో వేశాడు.

ఇంట్లోకి మామయ్యా నేనూ చెరోవైపూ పట్టుకుని తీసుకొచ్చాం. పట్టుకోనిచ్చాడు, అది నన్ను ఇంకా భయపెట్టింది. అమ్మ కాలు కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి కట్టింది. "ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి" అంది. నాన్న మంచం మీద కూర్చుని ఎదురుగోడ మీద మేకు వైపు చూస్తున్నాడు. కారులోంచి నేను తీసుకొచ్చిన తాళం చెవి దానికే తగిలించి ఉంది.

"నా బండి తెస్తా బావా, చిటికెలో," అన్నాడు మామయ్య. మేకుకీ మంచానికీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "ఆ కంపెనీ మాట... తిట్టు బావా. నాలుగు తిట్టరాదూ."

నాన్న తిట్టలేదు. అమ్మ అలమర దగ్గరికి వెళ్ళి స్కార్ఫు తీసి, రెండు మడతలు వేసి, మూడో మడత వెయ్యకుండా చేతిలో పట్టుకుని నిలబడింది. నాన్న కళ్ళు అటు వెళ్ళి వచ్చాయి.

తర్వాత వంగి మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగాడు. బూట్లు తీశాడు. ఎడమదాన్ని తలకిందులు చేసి దులిపాడు. లోపలి కాగితం ఉండ కిందపడింది. చెయ్యి లోపల పెట్టి, వేళ్ళతో మూలమూలా తడిమాడు, సిలిండరు లోపల గీతలున్నాయేమోనని తడిమినట్టే. తాళ్ళు బాగా వదులు చేసి, కట్టుకట్టిన పాదాన్ని కళ్ళతో చూస్తూ, రెండు చేతులతో పట్టుకుని లోపలికి దించాడు. దిగిందో లేదో వంగి చూసుకున్నాడు. రెండో బూటుకీ అలాగే చేశాడు.

లేచాడు. మామయ్య పక్కకి తప్పుకోలేదు. నాన్న ఆయన భుజం మీదుగా చెయ్యి చాచి మేకు మీది తాళం చెవి అందుకున్నాడు. అమ్మ చేతిలో స్కార్ఫు నలిగింది. నేను గుమ్మం వైపు ఒక అడుగు వేశాను. తాళం చెవిని అరచేతిలో పెట్టుకుని నాన్న బొటనవేలితో ఒకసారి రుద్దాడు. దాన్ని మామయ్య చొక్కా జేబులో వేశాడు. జేబు పైన చేత్తో ఒకసారి తట్టాడు.

అమ్మ చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

నాన్న గడప దగ్గర ఆగి, కిందికి చూసి, ఎడమకాలు ఎత్తి అవతల పెట్టాడు. షెడ్డు పక్క నుంచి నడిచాడు. అటు తిరగలేదు. గేటు తెరిచిన చప్పుడు వినపడింది. వేసిన చప్పుడు వినపడలేదు. కిటికీలోంచి చూస్తే, తలవంచి తన బూట్లనే చూసుకుంటూ, ఆస్పత్రి ఉన్న వైపు వెళుతున్నాడు.